పాత లోకల్‌కు తలుపు పెట్టడం ఎందుకంత కష్టం?

ముంబై లోకల్ రైళ్లకు తలుపులే ఉండవని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. ఉంటాయి. ప్రతి గుమ్మం పక్కనా గోడకు ఆనించి తోసేసిన ఇనుప తలుపు ఒకటి ఉంటుంది. వానాకాలంలో జల్లు మరీ లోపలికి కొడుతుంటే ఇద్దరు ముగ్గురు కలిసి దాన్ని సగం దాకా లాగుతారు, స్టేషన్ దగ్గరపడగానే మళ్లీ తోసేస్తారు. మిగతా ఎనిమిది నెలలూ దాన్ని ఎవరూ ముట్టుకోరు. గుమ్మం మధ్యలో నిలువుగా ఒక స్టీలు రాడ్డు ఉంటుంది. రోజూ వందల చేతులు పట్టుకుని పట్టుకుని ఛాతీ ఎత్తున అది అద్దంలా మెరుస్తుంటుంది, పైనా కిందా మాత్రం మసకగా ఉంటుంది. ముంబై శివారు డోంబివలీలో పొద్దున ఎనిమిదింటి రైలు ఎక్కేవాళ్లను కాపాడేది ఆ రాడ్డే.

2025 జూన్ 9 ఉదయం దివా, ముంబ్రా స్టేషన్ల మధ్య మలుపులో రెండు లోకళ్లు ఎదురెదురుగా దాటుకుంటున్నాయి. రెండింటి గుమ్మాల దగ్గరా జనం వేలాడుతున్నారు. వాళ్లలో పదిమందికి పైగా పట్టాల మీద పడిపోయారు. నలుగురు ఆ రోజే చనిపోయారు. ఆ రోజే రైల్వే శాఖ ఒక ప్రకటన చేసింది. ముంబై కోసం ఇకపై తయారయ్యే రేకులన్నింటికీ వాటంతటవే మూసుకునే తలుపులు ఉంటాయని, ఇప్పుడు నడుస్తున్న రేకులకు కూడా మార్పులు చేసి అలాంటి తలుపులే పెడతామని చెప్పింది. రేకు అంటే ఇంజనుతో పని లేకుండా తనంతట తాను నడిచే పెట్టెల వరస మొత్తం. ఇక్కడ ప్రయాణికులు కూడా ఆ మాటే వాడతారు.

సాయంత్రం సిరిసిల్ల నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. మా నాన్న తరం వాళ్లు భివండీ మరమగ్గాల మీద పనికి వచ్చి ఈ చుట్టుపక్కలే ఉండిపోయారు. అందుకే ముంబైలో ఏం జరిగినా ముందు అక్కడి నుంచే ఫోన్లు వస్తాయి. "గంతమంది పడి సస్తుంటే ఒక్క తలుపు పెట్టనీకి వాళ్లకేమైందే?" అని అడిగింది. పదిహేనేళ్లుగా ఆ రైల్లోనే తిరుగుతున్నాను, అయినా ఆమెకు చెప్పడానికి సరైన జవాబు దొరకలేదు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు దొరికిందల్లా చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. తలుపు సంగతి అడిగితే జవాబు గాలి దగ్గరికి పోతుంది, గాలి నుంచి కరెంటుకు, కరెంటు నుంచి టైమ్‌టేబుల్‌కు పాకుతుంది. పాత రైళ్లను బాగుచేయడం గురించి ఎక్కడ మాట్లాడుకున్నా చివరికి ఈ నాలుగే వస్తాయి.

ముందు గాలి సంగతి

ముంబై లోకళ్లలో రోజుకు సుమారు 75 లక్షల ప్రయాణాలు జరుగుతాయి. రద్దీ వేళ పెట్టెలో చదరపు మీటరుకు 14 నుంచి 16 మంది నిలబడతారు. దీనికి రైల్వేవాళ్లు 'సూపర్ డెన్స్ క్రష్ లోడ్' అని ఒక పేరే పెట్టుకున్నారు. చదరపు మీటరు అంటే క్యారమ్ బోర్డు కన్నా కాస్త పెద్ద జాగా. అందులో పద్నాలుగు మంది, వాళ్ల బ్యాగులు, టిఫిన్ డబ్బాలు.

మనిషి ఊరికే నిలబడినా ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. పెట్టెలో నాలుగు వందల మంది ఉన్నారనుకుంటే 40 కిలోవాట్లు. మన స్నానాల గదుల్లో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు ఇరవై ఒకేసారి వేసి ఆ పెట్టెలో పెట్టినట్టు. దానికి తోడు చెమట, తేమ, అంతమంది వదిలే ఊపిరి.

పాత రేకులో బయటి గాలిని లోపలికి తెచ్చే యంత్రం ఏదీ లేదు. పైకప్పుకు బిగించిన ఫ్యాన్లు లోపలున్న గాలినే అటూ ఇటూ తిప్పుతాయి. స్విచ్ వేసినా కదలని ఫ్యాన్ రెక్కను దువ్వెనతోనో పెన్నుతోనో ఒక్క తోపు తోసి తిప్పడం రోజూ తిరిగేవాళ్లందరికీ తెలిసిన విద్య. తాజా గాలి మాత్రం కిటికీల నుంచి, గుమ్మాల నుంచే రావాలి. తెరిచి ఉన్న గుమ్మమే ఆ పెట్టెకు ముక్కు. మిగతావేవీ మార్చకుండా దాన్ని మూసేస్తే, రైలు సిగ్నల్ దగ్గర పది నిమిషాలు ఆగిన రోజున లోపల జనం కళ్లు తిరిగి పడిపోతారు. చిన్నమ్మకు నేను చెప్పాల్సిన మొదటి జవాబు ఇది.

గాలి సమస్యను మొదటిసారి గట్టిగా పట్టించుకున్నది 2007లో వచ్చిన రేకుల్లో. వాటి పెట్టెలు చెన్నై పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో తయారయ్యాయి, కరెంటు సామగ్రి జర్మనీ కంపెనీ సీమెన్స్‌ది. ముంబై రవాణా కోసం ప్రపంచ బ్యాంకు ఇచ్చిన అప్పుతో నడిచిన ప్రాజెక్టు అది. కిక్కిరిసిన పెట్టెలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోకుండా వాటి పైకప్పు మీద బయటి గాలిని పీల్చి లోపలికి ఊదే యంత్రాలు పెట్టారు. ఆ రైలు ఎక్కితే తేడా నెత్తి మీద తెలుస్తుంది. కిటికీ దగ్గరలేని మనిషికి, పెట్టె నడిమధ్యలో చుట్టూ భుజాల మధ్య ఇరుక్కున్న మనిషికి కూడా పైనుంచి గాలి తగులుతుంది. ప్రయాణికులు చాలాకాలం ఆ రైళ్లను 'సీమెన్స్' అనే పిలిచారు. ప్లాట్‌ఫారం మీద 'సీమెన్స్ వస్తోంది' అంటే ఇవాళ కాస్త ఊపిరి ఆడుతుందని అర్థం.

జూన్ ప్రమాదం తర్వాత చెప్పిన కొత్త నమూనా కూడా గాలి చుట్టూనే తిరుగుతుంది. ఎసి లేని రైలుకే తలుపులు పెట్టాలి, లోపలివాళ్లకు ఊపిరాడాలి. అందుకు మూడు మార్పులు చెప్పారు. తలుపులకు పాత ఇళ్ల కిటికీ రెక్కల్లాంటి ఏటవాలు చీలికలు ఉంటాయి, తలుపు మూసినా వాటి సందుల్లోంచి గాలి వస్తుంది. పైకప్పు మీద గాలి యంత్రాలు ఉంటాయి. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచివెళ్లే దారి ఉంటుంది, దాంతో జనం ఒకేచోట గుమిగూడకుండా సర్దుకుంటారు. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోలేదు కానీ నాకు అదే పెద్ద మార్పు అనిపిస్తుంది. ఇప్పటి రేకులో మెట్ల పక్కన ఆగే పెట్టె పగిలిపోయేలా ఉంటుంది, చివరి పెట్టెలో కాళ్లు ఆనించుకునే జాగా దొరుకుతుంది. మధ్యలో గోడలు ఉన్నాయి కాబట్టి ఎక్కిన పెట్టెలోనే ఉండిపోవాలి.

నేసిన చీరకు అంచు కుట్టడం

మగ్గం మీద నేసేటప్పుడే అంచు వేయడం వేరు, నేసిన చీరకు తర్వాత అంచు కుట్టడం వేరు. మా ఇంట్లో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త రైలుకు తలుపు పెట్టడం మొదటి రకం. పదిహేను, ఇరవై ఏళ్లు తిరిగిన రైలుకు పెట్టడం రెండోది.

పైకప్పుకు కన్నాలు కోసి యంత్రాలు కూర్చోబెట్టాలి. ఆ బరువు మోసేలా లోపలి ఇనుప చట్రానికి బలం ఇవ్వాలి. ఆ కన్నాల చుట్టూ ముంబై వాన నాలుగు నెలలు కురిసినా చుక్క కారకూడదు. పైన యంత్రం పెడితే రైలు ఎత్తు కూడా పెరుగుతుంది. ఇది మాటవరసకు అన్నది కాదు. ముంబైకి వచ్చిన మొట్టమొదటి ఎసి లోకల్ 2016లో సెంట్రల్ రైల్వే కోసమే వచ్చింది (ముంబై లోకళ్లను సెంట్రల్, వెస్టర్న్ అని రెండు రైల్వేలు నడుపుతాయి). తీరా చూస్తే కుర్లా నుంచి సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) వైపు ఉన్న బ్రిటిష్ కాలం నాటి వంతెనల కింద నుంచి వెళ్లడానికి దాని ఎత్తు అడ్డొచ్చింది. చివరికి అది వెస్టర్న్ రైల్వేకు వెళ్లిపోయి, 2017 డిసెంబరు 25న బోరివలీ, చర్చిగేట్ మధ్య పరుగు మొదలుపెట్టింది.

తర్వాత కరెంటు. పాత రేకులో జనం కోసం పెట్టిన కరెంటు లైట్లకు, ఫ్యాన్లకు సరిపోయేంతే. గాలి యంత్రాలు, తలుపుల మోటార్లు వస్తే ఆ సరఫరా మొత్తం పెంచాలి. పైగా తలుపు మూసుకోవడంతో పని అయిపోదు, మూసుకుందన్న సంగతి ముందు కూర్చుని రైలు నడిపే మోటార్‌మ్యాన్‌కు, వెనకున్న గార్డుకు తెలియాలి. అంటే ప్రతి గుమ్మం నుంచీ రైలు పొడవునా వైర్లు లాగాలి.

ఇక అన్నింటికన్నా మొండిది తుప్పు. ముంబై గాలిలో ఉప్పు ఉంటుంది. తెరిచిన గుమ్మాల నుంచి వాన నీళ్లు నేరుగా నేల మీద పడతాయి, నేల ఇనుప పలకల కిందికి దిగుతాయి. మెత్తని ఉక్కుతో చేసిన పాత పెట్టెల్లో గుమ్మం కింది భాగాన్నే తుప్పు ముందు తినేస్తుంది. కొత్త తలుపు పట్టా బిగించాల్సింది సరిగ్గా అక్కడే. వర్క్‌షాప్‌లో పాత పెట్టెను బాగుచేస్తున్నారంటే చాలా రోజులు నేల ఇనుప పలకలు లేపడం, తుప్పు పట్టిన చోట కోయడం, కొత్త ఉక్కు వెల్డింగ్ చేయడంతోనే గడుస్తాయి. రంగు చివర్లో రెండు రోజుల పని. మనం ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేది ఆ రెండు రోజుల పనినే.

ఇలాంటి పెట్టెకు రైల్వే లెక్కలో ఆయుష్షు సాధారణంగా 25 ఏళ్లు. ఇరవై ఏళ్లు నిండిన రేకును కోసి, గాలి యంత్రాలు పెట్టి, తలుపులు బిగించి, ఐదేళ్ల తర్వాత స్క్రాప్‌కు పంపడం దండగ అని నా అభిప్రాయం. అలాంటివాటి స్థానంలో ముందు కొత్తవి రావాలి. పదేళ్లకు పైగా ఆయుష్షు మిగిలిన రేకుల మీదే ఈ డబ్బు, ఈ శ్రమ పెట్టాలి. అన్ని రేకులకూ చేస్తామని ఒక్క మాటలో చెప్పేస్తే వినడానికి బాగుంటుంది కానీ, ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చకపోతే పని జరగదు.

పదిహేను సెకన్ల లెక్క

తలుపు ఉన్న రైలుకు ఒక కట్టుబాటు ఉంటుంది. అన్ని తలుపులూ మూసుకుంటేనే రైలు కదలాలి. ఎసి లోకళ్లలో ఇప్పటికే ఇలాగే ఉంది. 12 పెట్టెల్లో ఎక్కడో ఒక తలుపులో ఒకరి బ్యాగు పట్టీ ఇరుక్కుంటే మొత్తం రైలు నిలిచిపోతుంది. మామూలు లోకల్ స్టేషన్‌లో ఆగేది ఇరవై, ముప్పై సెకన్లు. రద్దీ వేళ మూడు నాలుగు నిమిషాలకు ఒక రైలు వెనకాలే వస్తుంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. తలుపులు తెరవడానికి, మూయడానికి, మూసుకున్నాయో లేదో చూసుకోవడానికి ప్రతి స్టేషన్‌లో ఓ పదిహేను సెకన్లు అదనంగా పడుతుందనుకోండి. సీఎస్ఎంటీ నుంచి కళ్యాణ్ దాకా, అన్ని స్టేషన్లలోనూ ఆగే స్లో లోకల్‌కు మధ్యలో 24 స్టేషన్లు. ఒక్క వైపు ఆరు నిమిషాలు, పోయిరావడానికి పన్నెండు నిమిషాలు ఎక్కువ. నాలుగు నిమిషాలకో రైలు నడవాలంటే, ఆ పన్నెండు నిమిషాలను పూడ్చడానికి అదనంగా మూడు రేకులు కావాలి. అవి లేకపోతే రైళ్ల మధ్య వ్యవధి పెరుగుతుంది. వ్యవధి పెరిగితే ప్లాట్‌ఫారం మీద జనం పెరుగుతారు. జనం పెరిగితే తలుపు మూసుకోవడం ఇంకా కష్టమవుతుంది. పదిహేను సెకన్లు నేను వేసుకున్న అంచనాయే, కానీ లెక్క నడిచే తీరు ఇదే.

దీని అర్థం తలుపులు వద్దని కాదు. ముంబై సబర్బన్ పట్టాల మీద పట్టాలు దాటుతూ, రైళ్లలోంచి పడిపోతూ ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. పదిహేను సెకన్ల కోసం ఆ ప్రాణాలను పక్కన పెట్టలేం. నేను చెప్పేది ఒక్కటే, తలుపుల ఖర్చు అంటే తలుపుల ధర కాదు. దాంతో పాటు అదనపు రేకులు, వాటిని నిలబెట్టే కార్‌షెడ్లు, నడిపే మోటార్‌మెన్ అందరూ ఆ ఖర్చులో ఉన్నారు. వీటి గురించి చెప్పకుండా తలుపుల గురించే చెప్పే ప్రకటన సగం ప్రకటనే.

ఇంకో చిక్కు. బాగుచేయాలంటే రేకును వర్క్‌షాప్‌కు పంపాలి. ఒక రేకు లోపలికి వెళ్తే బయట ఒక రేకు తక్కువ. లండన్ మెట్రోలోని సెంట్రల్ లైన్ ప్రయాణికులు దీన్ని బాగా అనుభవించారు. అక్కడ ఎనిమిది పెట్టెల రైళ్లు 85 ఉన్నాయి, 1993 నుంచి నడుస్తున్నాయి. వాటి పాత డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) మోటార్లతో ఇబ్బంది ఇవాళ్టిది కాదు. 2003 జనవరి 25న చాన్సరీ లేన్ స్టేషన్ దగ్గర ఒక మోటారు ఊడి పట్టాల మీద పడి రైలు పట్టాలు తప్పింది, లైన్ రెండు నెలలకు పైగా మూతపడింది. ఇప్పుడు ఆ రైళ్లన్నింటికీ ఏసీ మోటార్లు (దిశ మారుతూ పారే కరెంటువి, చల్లగాలి ఎసి కాదు), చక్రాల కుర్చీలకు జాగా, సీసీ కెమెరాలు, సమాచారం చూపే తెరలు పెడుతున్నారు. అలా మారిన మొదటి రైలు 2023 నవంబరులో నడిచింది. సరిగ్గా ఆ చలికాలంలోనే మిగతా రైళ్ల పాత మోటార్లు వరసగా చెడిపోయి, నడపడానికి రైళ్లు చాలక సర్వీసులు తగ్గించాల్సి వచ్చింది. బాగుచేయడం ఆలస్యమైన కొద్దీ, బాగుచేయడానికి పక్కన పెట్టగల రైళ్లు కూడా తగ్గిపోతాయి.

ఆ డీసీ, ఏసీ మోటార్ల తేడా ముంబై వాళ్లకు కూడా తెలుసు, పేరు తెలియకపోయినా ఒంటికి తెలుసు. ఈ నగరంలో మొదటి ఎలక్ట్రిక్ రైలు 1925 ఫిబ్రవరి 3న నడిచింది. అప్పటి నుంచి తొంభై ఏళ్ల దాకా ఇక్కడి తీగల్లో 1,500 వోల్టుల డీసీ కరెంటే. దాన్ని 25,000 వోల్టుల ఏసీకి మార్చడం వెస్టర్న్ రైల్వేలో 2012కు, సెంట్రల్‌లో హార్బర్ అనే లోకల్ లైన్‌తో సహా 2016కు పూర్తయింది. పాత డీసీ మోటారు లోపల కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ అరుగుతాయి, వాటి దుమ్మును ఎప్పటికప్పుడు శుభ్రం చేయాలి. కొత్త రేకుల ఏసీ మోటార్లలో ఆ రాపిడి ఉండదు, బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి తీగలోకి పంపుతాయి కూడా. ప్రయాణికుడికి ఇవేవీ కనిపించవు. పాత రైలు కదిలేటప్పుడు వేగం మెట్లు మెట్లుగా పెరిగేది, ఒక్కో మెట్టుకూ ఒక కుదుపు, నిలబడ్డవాళ్లంతా ఒకేసారి వెనక్కి ఒరిగేవాళ్లు. కొత్తదానిలో ఒక సన్నని కూతలాంటి చప్పుడు పెరుగుతూ పోతుంది, కాళ్ల కింద కుదుపు తెలియదు. పైకప్పుకు వేలాడే పిడి అందని మనిషికి ఇది చిన్న విషయం కాదు.

పిడుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. లేడీస్ డబ్బాలో మాలాంటి ఐదడుగుల వాళ్లం ఎందరమో. మునివేళ్ల మీద లేస్తే పిడి అందుతుంది, చెయ్యి పైకి చాచి గంటసేపు నిలబడితే భుజం పీకేస్తుంది. రైలును బాగుచేసేటప్పుడు ఈ పిడులను నాలుగు వేళ్ల మందం కిందికి దించితే చాలు. దానికి ప్రపంచ బ్యాంకు అప్పు అక్కర్లేదు. సీట్ల మధ్య నిలబడేవాళ్లకు సీటు మూల మీద ఒక గట్టి పిడి, బ్యాగు తగిలించే కొక్కెం, తడిసినా జారని నేల, వచ్చే స్టేషన్ పేరు నిలబడ్డవాళ్లకు కూడా కనపడే చోట. రోజూ తిరిగేవాళ్లను పదిమందిని కూర్చోబెట్టి అడిగితే ఒక్క మధ్యాహ్నంలో ఈ జాబితా పూర్తవుతుంది.

కల్వాలో ఏం జరిగింది

కొత్త రైలు వస్తే జనం గొడవ చేస్తారా? 2022 ఆగస్టులో చేశారు. సెంట్రల్ రైల్వే పది మామూలు సర్వీసులను తీసి వాటి వేళల్లో ఎసి లోకళ్లు పెట్టింది. కల్వాలో, తర్వాత బద్లాపూర్‌లో ప్రయాణికులు నిరసనకు దిగారు. వారం తిరగకుండానే ఆ పది సర్వీసులనూ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

బయటి నుంచి చూస్తే వింతగా ఉంటుంది. చల్లని గాలి, మూసుకునే తలుపులు వద్దన్నారేమిటని. కానీ ఈ నగరంలో మనిషి తన రైలును పేరుతో గుర్తుపెట్టుకోడు, టైముతో గుర్తుపెట్టుకుంటాడు. 'మా 8:12' అంటాడు. ఆ 8:12లోనే అతని స్నేహితులు, అతని నాలుగో సీటు (ముగ్గురి బెంచీ చివర నాలుగో మనిషి సగం కూర్చునే చోటు), ఆఫీసు టైము అన్నీ ఉంటాయి. ఒకరోజు పొద్దున ఆ 8:12 ఎసి అయిపోయింది. సెకండ్ క్లాస్ నెల పాస్‌తో దాన్ని ఎక్కకూడదు. అంతకుముందు మేలోనే ఎసి టికెట్లు సగానికి తగ్గించారు, ఐదు కిలోమీటర్ల కనీస టికెట్ 65 నుంచి 30 రూపాయలకు దిగింది. అయినా రోజుకు ఇన్ని రూపాయలని లెక్కపెట్టుకునే మనిషికి ఎసి పాస్ చాలా రెట్లు ఎక్కువ. అతనికి సంబంధించినంత వరకు కొత్త రైలు రాలేదు, ఉన్న రైలు పోయింది. ఆ జనమంతా వెనకాల వచ్చే మామూలు రైలు మీద పడ్డారు. అంటే ఒక రైల్లో తలుపులు మూసుకుంటే పక్క రైలు గుమ్మం దగ్గర ఇంకో నలుగురు వేలాడారన్న మాట.

ఎసి లేకుండా తలుపులు పెట్టే ఆలోచన అందుకే నాకు నచ్చింది. సెకండ్ క్లాస్ టికెట్‌తో ఎక్కే మనిషికి ప్రాణభద్రత దొరకాలి. తలుపు కావాలంటే ఎసి టికెట్ కొనుక్కో అనడం అన్యాయం.

మన హైదరాబాద్ ఎంఎంటీఎస్‌లో ఇంత తొక్కిసలాట ఉండదు కాబట్టి ఈ గొడవంతా మనకెందుకు అనిపించవచ్చు. ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న మొదలైంది. రైలు పెట్టె ఆయుష్షు 25 ఏళ్లనుకుంటే ఆ సర్వీసు కూడా ఆ వయసుకు దగ్గరపడుతోంది. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్, ఉందానగర్ వైపు కొత్త సర్వీసులు వచ్చాయి, కానీ అక్కడి ప్రయాణికుడి అసలు కష్టం రైలు కోసం ఎదురుచూడటమే. పాతవాటిని బాగుచేయడానికి పక్కకు తీస్తే ఆ ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు అదనపు రేకులు, తర్వాతే మరమ్మతు అన్న వరస అక్కడ కూడా వర్తిస్తుంది. రైలును నడిపించే కరెంటు యంత్రాల పని మనవాళ్లకు కొత్త కూడా కాదు. ముంబైలో తిరిగే కొన్ని లోకళ్ల అడుగున ఉన్నవి హైదరాబాద్ కంపెనీ మేధా తయారుచేసినవే.

దసరా తర్వాత చిన్నమ్మ వారం రోజులు ఉండటానికి వచ్చింది. ఒకరోజు దాదర్ పోదామంటే, పది దాటాక డోంబివలీలో ఎసి ఫాస్ట్ ఎక్కించాను. తలుపు మూసుకునేటప్పుడు వచ్చే చప్పుడుకు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. కాసేపయ్యాక కుదుటపడి, "ఇగో, గింతే గదా, మంచిగనే మూసుకుంటుంది" అంది. నేను గాలి యంత్రాల గురించి, నేల కింద తుప్పు గురించి, అదనపు రేకుల గురించి చెప్పడం మొదలుపెట్టాను. మరమగ్గం చప్పుళ్ల మధ్య ముప్పై ఏళ్లు బతికిన మనిషి, యంత్రాల మాట చెబితే శ్రద్ధగా వింటుంది. మధ్యలో ఒక్కటే అడిగింది, "మరి అవన్నీ అయ్యేదాకా?"

థానే దాటాక ములుండ్ దగ్గర పక్క పట్టాల మీద ఒక స్లో లోకల్ మాతో పాటే కొంతదూరం పరిగెత్తింది. అద్దం అవతల, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, గుమ్మంలో ఐదారుగురు కుర్రాళ్లు. అందరి బ్యాగులూ ఛాతీ మీద ఉన్నాయి. ఒకడు ఒక చేత్తో మధ్య రాడ్డు పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ చూసుకుంటున్నాడు. వాడి వెనక తలుపు గోడకు ఆనుకుని ఉంది. చిన్నమ్మ వాళ్లనే చూస్తూ కూర్చుంది. మా రైలు వాళ్లను దాటి ముందుకు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.